వార్తకు ముందు ఉండే ఊరి పేరు

వార్త మొదలయ్యే ముందు ముద్ద అక్షరాల్లో ఒక ఊరి పేరు, దాని పక్కన తేదీ ఉంటాయి. పత్రికల వాళ్లం దాన్ని డేట్‌లైన్ అంటాం. చదివేవాళ్లలో చాలామంది దాని మీద చూపు నిలపరు. నేను మాత్రం చిన్నప్పుడు అమలాపురంలో గ్రంథాలయం బల్ల ముందు కూర్చొని, పెద్దవాళ్లు చదివి వదిలిన పేపరు తీసుకొని, ముందు ఆ పేర్లే చదివేవాణ్ణి. కైరో, సైగాన్, ఢాకా, మాస్కో. ఆ ఊళ్లో ఒక మనిషి నిలబడి, చూసి, రాసి పంపితే, అది ఏటిగట్టు దిగువన ఉన్న మా ఊరికి మర్నాడు పొద్దున్నకల్లా చేరుతోందన్న ఊహే నన్ను ఈ వృత్తిలోకి లాక్కొచ్చింది. నేను విదేశీ విలేకరిని కాలేదు. 1984 నుంచి 2017 వరకు కోనసీమలోనే మూడు పత్రికలకు కంట్రిబ్యూటరుగా, కొన్నాళ్లు స్టాఫ్ రిపోర్టరుగా పనిచేశాను. అయినా ఆ వృత్తి ఎలాంటిదో రెండుసార్లు బాగా దగ్గర నుంచి తెలుసుకొనే అవకాశం దొరికింది. మొన్న సంక్రాంతికి వచ్చిన మా మేనకోడలి కూతురు, హైదరాబాదులో జర్నలిజం చదువుతున్న పిల్ల, "తాతయ్యా, విదేశీ విలేకరి కావాలంటే ఏం చదవాలి?" అని అడిగింది. చుట్టాల సందడిలో ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

విదేశీ విలేకరి అంటే పరాయి దేశాల వార్తలు రాసేవాడని చాలామంది అనుకుంటారు. ఆ పని డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటర్ కూడా చేస్తాడు. వార్తా ఏజెన్సీ పంపిన కాపీని తెలుగు చేసి, శీర్షిక పెట్టి, పేజీలో దింపుతాడు. విదేశీ విలేకరి పని వేరు. అతను ఆ దేశంలో కాపురం ఉంటాడు. అక్కడి పాలవాడికి బాకీ పడతాడు, అక్కడి కరెంటు కోతలో చెమటలు కక్కుతాడు, అక్కడి బడిలోనే పిల్లల్ని వేస్తాడు. ఇంతా చేసి, వేల మైళ్ల అవతల తన సొంత ఊళ్లో పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు విప్పే మనిషికి బోధపడేటట్టు అక్కడి సంగతి చెబుతాడు. ఆ ఊరు తెలియకపోతే అబద్ధం రాస్తాడు. తన ఊరిని మరిచిపోతే ఎవరికీ అర్థం కానిది రాస్తాడు.

ఈ వృత్తికి ఆద్యుల్లో ఒకడిగా చెప్పుకొనే విలియం హోవార్డ్ రస్సెల్‌ను 1854లో లండన్ టైమ్స్ పత్రిక క్రిమియా యుద్ధానికి పంపింది. ఆ ఏడాది అక్టోబరు 25న బాలాక్లావా దగ్గర ఆంగ్లేయుల అశ్వికదళం ఫిరంగులకు ఎదురెళ్లి తుడిచిపెట్టుకుపోయిన సంగతి ఆయన రాసి పంపితే, అది నవంబరు 14న గానీ అచ్చు కాలేదు. ఇరవై రోజులు పట్టింది. 1858లో ఆయనే మన దేశానికి కూడా వచ్చి సిపాయిల తిరుగుబాటు అణచివేతను కళ్లారా చూసి రాశాడు. 1870 నాటికి లండన్‌కూ బొంబాయికీ నడుమ సముద్రగర్భంలో తంతి తీగ పడింది. రోజుల ప్రయాణం గంటల్లోకి వచ్చింది గానీ, మాటకు ఇంత అని రుసుము వచ్చి పడింది. అందుకని విలేకరులు రెండు మూడు మాటల్ని ఒకే మాటగా అతికేసి, పొల్లు మాటలన్నీ తీసేసి, డబ్బు మిగిల్చే ఒక వింత భాషను తయారు చేసుకున్నారు. దాన్ని మళ్లీ విప్పి మామూలు వాక్యాలుగా రాయడం అవతలి డెస్కు పని. అమలాపురంలో సాయంత్రం బస్సు కదిలేలోగా పరిగెత్తి, రాజమండ్రి అచ్చు కేంద్రానికి చేరవలసిన వార్తల కవరును డ్రైవరు చేతిలో పెట్టి దణ్ణం పెట్టిన తరం మాది. వార్త దానంతటది ప్రయాణం చెయ్యదని మాకు వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఎంత త్వరగా పంపాడన్నది ఈ వృత్తిలో రెండో సంగతి. ఎక్కడ నిలబడి రాశాడన్నది మొదటిది. యునైటెడ్ ప్రెస్ అనే అమెరికా వార్తా సంస్థ విలేకరి వెబ్ మిల్లర్ 1930 మే 21న గుజరాత్‌లోని ధరాసన ఉప్పు కొటార్ల దగ్గర నిలబడ్డాడు. సత్యాగ్రహులు వరుసలు కట్టి నడిచి వెళ్లి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా లాఠీ దెబ్బలకు తలలు అప్పగించడం చూశాడు. ఆయన పని అక్కడితో ఆగలేదు. గాయపడినవాళ్లను పడుకోబెట్టిన పాకలోకి వెళ్లి తానే లెక్కపెట్టాడు. 320 మంది గాయపడ్డారు, ఇద్దరు చనిపోయారు. ఆ తంతిని దొరతనం వారు తొక్కిపెట్టాలని చూసినా, చివరికి అది వెయ్యికి పైగా పత్రికల్లో వచ్చింది. దెబ్బలు తిన్నవాళ్ల ధైర్యం ముందు విలేకరి చేసింది ఎంతని ఎవరైనా అడగవచ్చు. ఆయన అక్కడ లేకపోతే ఆ పాకలోని 320 మంది సంగతి ప్రపంచానికి తెలిసేది కాదన్నదే నా జవాబు.

దీనికి ఎదురు కథ కూడా ఆ పిల్లకు చెప్పాలి. న్యూయార్క్ టైమ్స్ తరఫున వాల్టర్ డ్యూరంటీ 1922 నుంచి 1936 వరకు మాస్కోలో ఉన్నాడు. అన్నేళ్లు ఒకచోట కాపురం ఉన్న విదేశీ విలేకరులు అరుదు. 1932లో పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. 1933లో ఉక్రెయిన్ కరువుతో అల్లాడుతుంటే, వేల్స్ దేశపు యువకుడు గారెత్ జోన్స్ సంచిలో తిండి వేసుకొని, రైలు దిగి, ఊళ్ల వెంట కాలినడకన తిరిగాడు. "రొట్టె లేదు, చచ్చిపోతున్నాం" అని జనం చెప్పిన మాట పట్టుకొని బెర్లిన్ వచ్చి మార్చి 29న బయటపెట్టాడు. రెండు రోజులకే డ్యూరంటీ, జనం ఆకలితో ఉన్న మాట నిజమే గాని కరువు చావులు లేవంటూ దాన్ని కొట్టిపారేశాడు. పద్నాలుగేళ్లు ఉన్నవాడు తప్పు రాశాడు, నడిచి వెళ్లినవాడు నిజం రాశాడు. కాపురం ఉండటం ఒక్కటే చాలదన్నమాట. కాపురం ఉన్నవాడికి రేపు కూడా అక్కడే ఉండాలన్న బెంగ ఉంటుంది. వీసా పొడిగించేవాళ్లతోనూ, కబురు చెప్పేవాళ్లతోనూ మంచిగా ఉండాలన్న బెంగ ఉంటుంది. ఆ బెంగ ఎట్లాంటిదో నాకు తెలుసు. ఆ సంగతి చివర చెబుతాను.

ఇక మా ప్రాంతానికి వస్తాను. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అప్పటికే కోనసీమలోనూ, నరసాపురం, పాలకొల్లు వైపూ ఊరూరి నుంచి జనం కువైట్ వెళ్లి ఉన్నారు. మగవాళ్లు డ్రైవర్లుగా, ఆడవాళ్లు ఇంటి పనివాళ్లుగా ఉండేవారు. ఆ వారం నా ఇంటి అరుగు మీద పొద్దున్నే జనం కూర్చొని ఉండేవాళ్లు. ఒక తల్లి నీలం రంగు ఎయిరోగ్రామ్ మడత విప్పి, అందులో ఇంగ్లీషులో రాసి ఉన్న కువైటీ యజమాని చిరునామా చూపించి, "పేపరోళ్లకి తెలుస్తాది గదండీ, ఈ ఈదిలో గొడవుందో లేదో కనుక్కోండి బాబూ" అని అడిగింది. ఆ ఉత్తరం మే నెలలో రాసినది. కువైట్‌కు ఫోన్లు పోవడం లేదు. నేను రాజమండ్రి డెస్కుకు ట్రంకాల్ చేసి అడిగితే, టెలిప్రింటర్ మీద వస్తున్న కాపీ అంతా చమురు ధర గురించి, అమెరికా నౌకల గురించి, ఐక్యరాజ్య సమితి తీర్మానాల గురించి ఉందని చెప్పారు. అది తప్పుడు వార్త కాదు. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో పేపరు విప్పే మనిషి కోసం రాసిన వార్త, అంతే. మా అరుగు మీద కూర్చున్న తల్లికి కావలసిన వార్త రాయడానికి అక్కడ మన మనిషి లేడు.

తర్వాత జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా రెండు నెలల పాటు విమానాలు నడిపి సుమారు 1,70,000 మందిని వెనక్కి తెచ్చింది. మా వాళ్లు బాగ్దాద్ మీదుగా బస్సుల్లో వచ్చి, జోర్డాన్ సరిహద్దు ఎడారిలో గుడారాల కింద రోజులు గడిపి, బొంబాయి చేరి, అక్కడి నుంచి రైల్లో రాజమండ్రి దిగారు. వాళ్లు చెప్పిన కథలే నేను రాసుకున్నాను. అవన్నీ ఊళ్లో ఉండి రాసిన విదేశీ వార్తలు. వాటి మీద డేట్‌లైన్ రాజోలు అనీ, మలికిపురం అనీ ఉండేది. జరిగింది అక్కడ, రాసింది ఇక్కడ.

ఇది జరిగిన ఆరేళ్లకు పరిస్థితి తిరగబడింది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తుఫాను తీరం దాటింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు, లెక్కకు అందనివాళ్లు ఇంకా ఉన్నారు, కోనసీమ కొబ్బరి నేలకూలింది. ఈసారి మేమే ఎవరికో విదేశీ వార్త అయ్యాం. 9వ తేదీ సాయంత్రం ఢిల్లీలో ఉండే ఒక బ్రిటిష్ పత్రిక విలేకరి మా ఇంటికి వచ్చారు. రాజమండ్రిలో మా డెస్కు వాళ్లు నా చిరునామా ఇచ్చారట. యాభై దాటిన మనిషి. బూట్లు చేత్తో పట్టుకొని, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకొని, బురదలో నడుచుకుంటూ వచ్చి, దుబాసీగా మూడు రోజులు వెంట రాగలరా అని అడిగారు. రోజుకు 500 రూపాయలు ఇస్తానన్నారు. నెలంతా రాస్తే, అచ్చయిన వరుసకు ఇంత అన్న లెక్కన నాకు వచ్చే లైన్ ఎకౌంటు కంటే ఆ మూడు రోజుల కూలి ఎక్కువ. డబ్బు కోసం ఒప్పుకున్నాను. నేర్చుకున్నది మాత్రం వేరు.

ఆ ఏడాది దీపావళి నవంబరు 10న వచ్చింది. ఆ పొద్దున్నే ముమ్మిడివరం మీదుగా బయల్దేరాం. దారి పొడవునా కొబ్బరి చెట్లు ఒకే దిక్కుకు తలలు పెట్టి పడి ఉన్నాయి. కొన్ని వేళ్లతో సహా లేచాయి, కొన్ని మొవ్వు విరిగి మోడులై నిలబడ్డాయి. నేను "వేల చెట్లు పోయాయి" అన్నాను. ఆయన జీపు ఆపించి ఒక తోటలోకి దిగారు. ఆ తోటలో మొత్తం ఎన్ని చెట్లు ఉండేవో, ఇప్పుడు ఎన్ని నిలబడి ఉన్నాయో రైతుతో పాటు నడిచి లెక్కపెట్టారు. కొత్తగా మొక్క వేస్తే కాపుకు ఎన్నేళ్లు పడుతుందని అడిగి, ఆరేడేళ్లు అని రైతు చెబితే, ఆ ఆరేడేళ్లు పిల్లల చదువు ఎట్లా అని అడిగారు. పన్నెండేళ్లుగా వార్తలు రాస్తున్న నాకు ఆ రెండో ప్రశ్న అడగాలని ఎప్పుడూ తట్టలేదు.

కాకినాడలో కూర్చొని కూడా వార్త రాయవచ్చు. చాలామంది అట్లాగే రాశారు, వాళ్లను నేను తప్పు పట్టను. దారులు అట్లా ఉన్నాయి. ఆయన మాత్రం సముద్రం పక్కన ఉన్న బలుసుతిప్ప వెళ్లాలని పట్టుబట్టారు. కాట్రేనికోన దాటాక రేవులో నాటు పడవ ఎక్కాం. పడవ నడిపే ఆయన, "గాలి కాదండి మమ్మల్ని కొట్టింది, ఉప్పెనండి" అన్నాడు. నేను ఉప్పెనను "టైడల్ వేవ్" అని చెప్పాను. ఆయన నోటు పుస్తకంలో రాసుకోబోయి ఆగి, ఆటుపోట్లకూ దీనికీ సంబంధం ఉందా, అల లాగా వచ్చిందా, గోడ లాగా వచ్చిందా కనుక్కోమన్నారు. అడిగాను. పడవ ఆయన గెడ నీళ్లలో దించి ఆలోచించి చెప్పాడు: "గోడలాగా రాలేదండి. పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగిందండి. సూత్తా ఉండగానే మొల్లోతు, సూత్తా ఉండగానే పీకల్లోతు." నేను ఆ మాటలు అట్లాగే ఇంగ్లీషులో చెప్పాను. ఆయన "టైడల్ వేవ్" కొట్టేసి, ఉప్పెన అన్న మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొని, దాని పక్కన పాల సంగతి రాసుకున్నారు.

ఊళ్లో చనిపోయిన వాళ్ల సంఖ్య ఒక కార్యాలయంలో ఒకటి చెప్పారు. ఆయన ఆ అంకె రాసుకొని, బలుసుతిప్పలో నలుగురు పెద్దల్ని కూర్చోబెట్టి, ఏ పడవ వెళ్లింది, ఎంతమంది ఎక్కారు, తిరిగి వచ్చిందా లేదా అని పడవ వెంట పడవ అడిగారు. మూడు నిలువు గీతలు గీసి లెక్క కట్టడానికి రెండు గంటలు పట్టింది. రెండు అంకెలు కలవలేదు. ఆయన రెండూ వేశారు, ఏది ఎవరు చెప్పారో కూడా వేశారు.

ఆ తర్వాత భర్త తిరిగి రాని ఒక ఆవిడ దగ్గరకు వెళ్లాం. పాక లేదు, నాలుగు రాటలు మిగిలాయి. ఆయన మొదట అడిగింది ఆమె భర్త పేరు. ఆవిడ తల వంచుకొని మాట్లాడలేదు. దుఃఖం వల్ల అనుకున్నారు ఆయన. మా వైపు ఆడవాళ్లు పెనిమిటి పేరు నోటితో చెప్పరని నేను వివరించాను. పక్కవాళ్లను అడిగితే చెప్పేవాళ్లే గానీ, ఆవిడే లేచి వెళ్లి, రొండిన దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి రేషన్ కార్డు ఇచ్చింది. నీళ్లకు సిరా కారిపోయి, ఇంటి యజమాని పేరులో మొదటి నాలుగు అక్షరాలే కనిపిస్తున్నాయి. మిగతా అక్షరాలు నేను పిల్లవాణ్ణి అడిగి చెప్పాను. ఆయన ఆ పేరును ఒక్కో అక్షరం నా చేత చెప్పించుకొని, రాసింది నాకు చూపించి, సరేనన్నాకనే ముందుకు వెళ్లారు.

తప్పు ఆ తర్వాత జరిగింది, అది నాది. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. నేను "ఉన్నదంతా పోయిందంటోంది" అని చెప్పాను. ఆయన కలం ఆపి, కోపం లేకుండానే, "ఆమె రెండు నిమిషాలు మాట్లాడింది, మీరు నాకు ఒక్క వాక్యం ఇచ్చారు. మిగతాది ఎక్కడ ఉంది?" అన్నారు. మిగతాది నేను వదిలేశాను. అది అప్పు గొడవ. వార్తకు పనికిరాదనుకున్నాను. మా పత్రికకు నేనే రాసినా వదిలేసేవాణ్ణి, ఎందుకంటే ఆ గొడవ మాకు రోజూ ఉండేదే. ఆయన బలవంతం మీద ఆవిడను మళ్లీ అడిగాను. ఆవిడ అన్న మాటలు ఇవి: "పడవ మాది గాదు బాబూ, సావుకారిది. వల మీద అప్పు మాది. మనిసి తిరిగి రాలేదు గానీ అప్పు తిరిగొచ్చింది. నిన్ననే కబురెట్టేడు." ఆయన వార్తకు ఆ మాటలే ఆయువుపట్టు అయ్యాయి. చావు గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, బతికి ఉన్న మనిషి మెడ మీద మర్నాడే వచ్చి కూర్చున్న బరువు గురించి ఆ వారం రాసిన వార్త ఇంకొకటి నా కంట పడలేదు. ఆ సావుకారును కలవాలని ఆయన ఆ రోజూ మర్నాడూ అతని ఇంటికి వెళ్లారు. రెండుసార్లూ ఇంట్లో లేరన్నారు.

తిరుగు పడవలో చీకటి పడింది. అమావాస్య చీకటి, స్తంభాలు పడిపోయి కరెంటు లేదు, రెండు గట్ల మీదా ఎక్కడా ఒక్క దీపం లేదు. అప్పుడు ఆయన తన సంగతి చెప్పారు. ఇంగ్లండులో చిన్న ఊరి పత్రికలో ఆరేళ్లు మునిసిపల్ సమావేశాలు, కోర్టు కేసులు, చావు కబుర్లు రాశారట. చావు కబురులో పేరు తప్పు పడితే ఆ ఇంటివాళ్లు తెల్లారి ఆఫీసుకు వచ్చి నిలబడేవారట. పేర్ల విషయంలో పట్టుదల అక్కడ వచ్చిందన్నారు. ఆ తర్వాత పెద్ద పత్రికలో రాత్రిపూట విదేశీ డెస్కులో ఇతరుల కాపీ దిద్దారు. జీతం లేకుండా, అచ్చయిన ముక్కకు ఇంత అన్న లెక్కన ఆఫ్రికాలో మూడేళ్లు తిరిగారు. అది కూడా మా లైన్ ఎకౌంటు లాంటిదే. స్టాఫ్ ఉద్యోగం వచ్చేసరికి నలభై ఏళ్లు దగ్గర పడ్డాయి. ఢిల్లీలో ఉండి పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్ అన్నీ చూడాలి. ప్రతి నాలుగేళ్లకు దేశం మారాలి. భాష పట్టుబడే సమయానికి పెట్టె సర్దుకోవాలి. కూతురు నాలుగు దేశాల్లో చదివిందనీ, ఏ ఊరు నీదని ఎవరైనా అడిగితే తల్లి ముఖం చూస్తుందనీ చెప్పారు. తండ్రి చనిపోయినప్పుడు తాను కొలంబోలో ఉండి అంత్యక్రియలకు అందుకోలేకపోయారట. అది చెప్పి చాలాసేపు మాట్లాడలేదు.

మర్నాడు కోనసీమలో ఫోన్లు పని చెయ్యకపోవడంతో రాజమండ్రి దాకా వెళ్లి, స్టేషన్ దగ్గర ఎస్టీడీ బూత్‌లో నిలబడి, నోటు పుస్తకం చూస్తూ వార్త మొత్తం లండన్‌కు చదివి వినిపించారు. చివర డేట్‌లైన్ దగ్గర వాదన వచ్చింది. బలుసుతిప్ప అన్న ఊరు అట్లాసులో లేదు, కాకినాడ అని వేద్దామంటున్నారు అవతలివాళ్లు. ఆయన గొంతు ఒక్కసారే పెరిగింది. నేను కాకినాడలో లేను, అక్కడ ఉన్నాను అన్నారు. ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పి, అవతలివాళ్ల చేత తిరిగి చెప్పించుకొని, ఫోను పెట్టేశారు. నెల తర్వాత పోస్టులో ఆ కత్తిరింపు వచ్చింది. రాసినదాంట్లో మూడో వంతే అచ్చయింది. మొదట మాత్రం బలుసుతిప్ప అనే ఉంది. అందులో నా పేరు లేదు. అప్పట్లో దుబాసీల పేర్లు వేసే అలవాటు లేదు, ఇప్పుడు కొన్ని పత్రికలు వార్త చివర వేస్తున్నాయి. అది మంచి మార్పు.

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్నకు వస్తాను. ఆయన నడిచిన దారి ఇప్పుడు సన్నబడింది. విదేశాల్లో మనిషిని ఉంచడం ఖర్చుతో కూడిన పని. ఇల్లు, వాహనం, దుబాసీ, బీమా, పిల్లల బడి, అన్నీ పత్రికే పెట్టుకోవాలి. అందుకే అమెరికాలో బోస్టన్ గ్లోబ్ లాంటి పేరున్న పత్రిక కూడా 2007లో తన చివరి విదేశీ బ్యూరోలు మూసేసింది. డబ్బు ఉన్నచోట వీసా లేదు. ఇస్లామాబాదులో ఇద్దరే భారతీయ విలేకరులు ఉండేవారు, 2014లో ఆ ఇద్దరినీ వెళ్లిపొమ్మన్నారు. ప్రాణాల సంగతి సరేసరి. మన దేశం గర్వించిన ఫొటో జర్నలిస్టు దానిష్ సిద్దిఖీ రాయిటర్స్ వార్తా సంస్థ తరఫున పని చేస్తూ 2021 జూలై 16న అఫ్గానిస్తాన్‌లోని స్పిన్ బోల్డక్‌లో చనిపోయారు. ఈ మాటలు ఆ పిల్లను వెనక్కి లాగడానికి రాయడం లేదు. తెలిసి వెళ్లాలని రాస్తున్నాను.

అన్నిటికంటే నన్ను బాధించేది ఇంకొకటి ఉంది. నేను పనిచేసిన మూడు పత్రికలూ ప్రతి మండలానికీ ఒక కంట్రిబ్యూటరును పెట్టుకున్నాయి. మండలంలో గేదె తప్పిపోయినా వార్త వచ్చేది. మా వాళ్లు అంతమంది ఉన్న కువైట్‌లో మాత్రం ఆ మూడింటిలో ఒక్కదానికీ మనిషి లేడు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్లలో గోదావరి వాళ్లు కూడా ఉన్నారు. ఆ రోజు కూడా మా ఊళ్లో జనం 1990లో లాగే ఎవరిని అడగాలో తెలియక తిరిగారు. ఎయిరోగ్రామ్ బదులు చేతిలో సెల్‌ఫోను ఉంది, అంతే తేడా. ఫోనులో వీడియోలు కుప్పలుగా వచ్చాయి. ఏది ఏ భవనమో, ఎప్పటిదో చెప్పే మనిషి లేడు. మంగాఫ్ అన్న డేట్‌లైన్‌తో తెలుగులో, మన జనం కోసం, అక్కడ కాపురం ఉంటూ రాసే ఒక్క విలేకరి ఉండి ఉంటే ఆ రాత్రి ఎన్ని ఇళ్లకు నిద్ర పట్టేదో. అందుకే ఏం చదవాలని అడిగిన పిల్లకు నా జవాబు ఇది: ముందు రెండేళ్లు మండల విలేకరిగా పనిచెయ్యి. పంచాయతీ సమావేశం, పోస్టుమార్టం గది, ఎరువుల కొట్టు ముందు వరుస, వీటి గురించి ఒక్క పేరు తప్పు పడకుండా రాయడం నేర్చుకో. అరబ్బీ నేర్చుకో. లండన్, వాషింగ్టన్ గురించి రాసేవాళ్లు ఎటూ ఉన్నారు, నువ్వు గల్ఫ్ వెళ్లు.

ఈ మాటలే మొన్న ఫోనులో చెబుతుంటే ఆ పిల్ల మధ్యలో ఆపి, "ఆ పేపరు ముక్క ఆవిడకు చూపించారా తాతయ్యా?" అని అడిగింది. చూపించాను. 1997లో సంక్రాంతి వెళ్లిన వారానికి పడవ ఎక్కి వెళ్లి, కొత్తగా వేసుకున్న తాటాకు పాక ముందు కూర్చొని, ఒక్కో వాక్యం తెలుగు చేసి వినిపించాను. భర్త పేరు వచ్చినచోట మళ్లీ చదవమంది. ఆ పేరు ఎక్కడ ఉందో చూపించమని, నేను చూపించినచోట వేలు ఆనించి కాసేపు ఉంచింది. అప్పు సంగతి చదువుతున్నప్పుడు, "సావుకారి పేరు రాసేడా బాబూ?" అని అడిగింది. రాయలేదని చెప్పాను. అవతలి మనిషి మాట వినకుండా పేరు వెయ్యడం తమ పత్రికలో కుదరదనీ, రెండుసార్లు వెళ్లినా అతను దొరకలేదనీ ఆయన కత్తిరింపుతో పాటు పంపిన ఉత్తరంలో రాశారు. ఆయన మూడు రోజులు ఉండి వెళ్లిపోయిన మనిషి. నాకు ఆ సావుకారు పేరు ముందే తెలుసు. ఇల్లు తెలుసు, ఏ పూట ఇంట్లో ఉంటాడో కూడా తెలుసు. ఆ మాట ఆయనకు చెప్పలేదు. తర్వాత ఇరవయ్యేళ్లు అదే ప్రాంతంలో విలేకరిగా ఉండి, నేనూ రాయలేదు.